ఈసీజీ మామూలుగా ఉందన్నంత మాత్రాన దడను వదిలేయకండి

"మా అమ్మకు 58 ఏళ్లు. నెలకో, రెండు నెలలకో ఒకసారి గుండె దడ వస్తుంది. ఆసుపత్రికి చేరేసరికి తగ్గిపోతుంది. ఈసీజీ మామూలుగా ఉంది, టెన్షన్ తగ్గించుకోమన్నారు. ఇక పట్టించుకోనక్కర్లేదా?" అని అడిగారు. తప్పకుండా పట్టించుకోవాలి. నేను డాక్టరును కాను, ప్రకాశం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే ఉపాధ్యాయినిని. అయినా ఇంత గట్టిగా చెబుతున్నానంటే, మీ అమ్మగారికి చెప్పిన ఈ మాటలనే నేను ఏడేళ్లపాటు విన్నాను కాబట్టి.

నాకు మొదటిసారి దడ వచ్చినప్పుడు 34 ఏళ్లు. కుళాయి దగ్గర బిందె ఎత్తబోతూ వంగినప్పుడు మొదలై పది నిమిషాలకు ఆగిపోయింది. ఆ తరువాత అది ఎప్పుడు వస్తుందో తెలియని చుట్టమైపోయింది. ఒకరు గ్యాస్ అన్నారు, పరగడుపున వేసుకోమని మాత్ర రాశారు. మరొకరు రక్తం తక్కువన్నారు, కానీ పరీక్ష చేయిస్తే 12 ఉంది. ఇంకొకరు నా మొహంలోకైనా చూడకుండా నిద్రమాత్ర రాసి, "ఇంట్లో ఏమైనా గొడవలున్నాయా?" అని మా వారిని అడిగారు. మా అత్తగారు పాపం ప్రేమతోనే ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీశారు. ఆ ఏడేళ్లలో నాలుగుసార్లు ఈసీజీ తీశారు. నాలుగూ మామూలుగానే ఉన్నాయి, ఎందుకంటే నాలుగూ దడ ఆగిపోయాక తీసినవే. చివరికి నేనే పిరికిదాన్నని నాకూ నమ్మకం కలిగింది. ఆ రోజులు తలుచుకుంటే దడకంటే ఆ నమ్మకమే ఇప్పుడు నన్ను ఎక్కువగా బాధిస్తుంది.

అసలు సంగతి బయటపడింది పదో తరగతి పబ్లిక్ పరీక్షల సమయంలో. నేను ఇన్విజిలేటరుగా ఉన్న గదిలో ఒక పిల్లవాడి అడిషనల్ షీటు కింద పడితే తీసి ఇవ్వడానికి వంగాను. లేచేసరికి గుండె స్విచ్చి వేసినట్టు ఒక్కసారిగా అందుకుంది. మెల్లగా పెరగడమంటూ లేదు. గొంతు గుంటలో ఏదో కొట్టుకుంటున్నట్టు అనిపించి కిందికి చూసుకుంటే, మెడలోని నల్లపూసలు చర్మం మీద ఎగిరెగిరి పడుతున్నాయి. పిల్లలకు తెలియకూడదని బల్ల పట్టుకుని నిలబడ్డాను. వరండాలో రిలీవరుగా ఉన్న జీవశాస్త్రం టీచరు నన్ను చూసి లోపలికి వచ్చి, ఏమీ అడగకుండా మణికట్టు పట్టుకుని గోడ గడియారం వైపు చూస్తూ లెక్కపెట్టింది. 15 సెకన్లలో 46. అంటే నిమిషానికి 184. కూర్చుని ఉన్న పెద్దవాళ్లకు ఉండాల్సింది 60 నుంచి 100 లోపు. "మేడమ్, ఇది టెన్షన్ కాదు. ఆటో పిలిపిస్తున్నాను, ఇంటికి కాదు, ఆసుపత్రికి" అంది. ఏడేళ్లలో నా నాడిని పట్టుకుని గడియారం చూసిన మొదటి మనిషి ఆమే.

క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టరు చాలా చిన్నవాడు. ఓపీ చీటీ రాయకముందే "ముందు ఈసీజీ తీయండి సిస్టర్, ఆగిపోతే మళ్లీ దొరకదు" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయనకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను. కాగితం బయటికి వస్తుండగా రెండు ప్రశ్నలు వేశాడు: "ఒక్కసారిగా మొదలై ఒక్కసారిగా ఆగుతుందా అమ్మా? ఆగిన తరువాత మూత్రానికి ఎక్కువసార్లు వెళ్లాల్సి వస్తుందా?" రెండూ నిజమే. రెండోదాన్ని నేను షుగరేమోనని భయపడి ఎవరికీ చెప్పలేదు. ఈ జబ్బును ఎస్‌వీటీ అంటారనీ, గుండె పైగదుల నుంచి కిందిగదులకు విద్యుత్తు దిగే చోట కొందరికి ఒక దారికి బదులు రెండు దారులుంటాయనీ, ఒక్కోసారి ఆ విద్యుత్తు ఒక దారిన దిగి రెండోదారిన పైకెక్కి అక్కడే గిరగిరా తిరగడం మొదలుపెడుతుందనీ, నాకున్న రకం మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుందనీ చెప్పాడు.

మొదట ఒక 10 మి.లీ. ఖాళీ సిరంజి ఇచ్చి, లోపలి పిడి కదిలేంత బలంగా 15 సెకన్లు ఊదమన్నారు. వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి నా రెండు కాళ్లూ పైకెత్తి పట్టుకున్నారు. ఇది చిట్కా వైద్యం కాదు. బ్రిటన్‌లో 428 మంది రోగుల మీద జరిపి 2015లో ప్రకటించిన పరిశోధనలో, కూర్చునే ఊదినవారిలో 17 శాతం మందికి దడ ఆగితే, ఇలా కాళ్లెత్తినవారిలో 43 శాతం మందికి ఆగింది. నాకు ఆగలేదు. అప్పుడు మోచేతి దగ్గర నరానికి అడెనోసిన్ అనే ఇంజెక్షన్ ఇచ్చారు. "పది సెకన్లు ప్రాణం పోతున్నట్టుంటుందమ్మా. పోదు. నా చేయి పట్టుకోండి" అని ముందే చెప్పారు. నిజంగానే ఛాతీ మీద బండ పెట్టినట్టయి, మొహమంతా వేడెక్కి, లోపల అంతా నిశ్శబ్దమైపోయింది. తరువాత ఒక కొట్టు, ఇంకో కొట్టు. మానిటరు మీద 82 కనిపించింది. డాక్టరు ఆ కాగితం నా చేతిలో పెట్టి, "ఇదిగో మీ గ్యాస్" అన్నాడు. నేను ఏడ్చాను.

ఈ అన్యాయం నా ఒక్కదానికే జరిగింది కాదు. అమెరికాలో 1997లో వెలువడిన ఒక అధ్యయనంలో ఇదే జబ్బున్న 107 మందిని పరిశీలిస్తే, సగానికి పైగా మందిలో మొదటి పరీక్షలో అది బయటపడనే లేదు. ఎక్కువమంది లక్షణాలు ప్యానిక్ జబ్బు వర్ణనకు సరిగ్గా సరిపోయాయి. భయం వల్ల దడ వస్తుందన్నది అబద్ధం కాదు. కానీ నిమిషానికి 184 సార్లు గుండె కొట్టుకునే మనిషికి భయం వేయకుండా ఎలా ఉంటుంది? మన దగ్గర ఆడమనిషి దడ అనగానే ముందు ఇంటి గొడవలు అడిగి, తరువాతెప్పుడో నాడి చూస్తారని నా గట్టి అభిప్రాయం. ఎవరేమన్నా దాన్ని మార్చుకోను.

అలాగని ప్రతి దడా ఇదే అనుకోకూడదు. మా చెల్లెలికి మెట్లెక్కితే దడ వచ్చేది. చూస్తే హిమోగ్లోబిన్ 7 ఉంది. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది కాబట్టి ఈ పరీక్ష అందరికీ చేయించవలసిందే. థైరాయిడ్ ఎక్కువైనా, వాంతులూ విరేచనాలై ఒంట్లో లవణాలు తగ్గినా, జ్వరం వచ్చినా దడ వస్తుంది. ముక్కు దిబ్బడకు షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలూ, ఉబ్బసానికి పీల్చే మందూ, రోజుకు ఆరేడు టీలూ కూడా కారణం కావచ్చు. మధ్యలో ఒక కొట్టు తప్పినట్టయి, వెనువెంటనే గట్టిగా ఒకటి తన్నినట్టుంటే అవి చాలామందికి వచ్చే అదనపు స్పందనలు, గుండె బాగున్నవాళ్లకు సాధారణంగా ప్రమాదం లేనివి.

మీ అమ్మగారి వయసులో మాత్రం నాకు ఇంకొక దిగులు ఉంది. దడ వచ్చినప్పుడు ఆమె నాడి పట్టుకుని చూడండి. వేగంగా ఉన్నా తాళం తప్పకుండా ఉందా, లేక ఏ రెండు కొట్ల మధ్యా ఒకే ఎడం లేకుండా చిందరవందరగా ఉందా? రెండోదైతే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావచ్చు. అందులో గుండె పైగదిలో రక్తం గడ్డకట్టి మెదడుకు వెళ్లి పక్షవాతం తెచ్చే ప్రమాదం ఉంది. బీపీ ఉన్నవారికీ, చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి గుండె కవాటం దెబ్బతిన్నవారికీ ఇది ఎక్కువ. దడ దానంతటదే తగ్గిపోయినా ఈ ప్రమాదం తగ్గినట్టు కాదు. రక్తం పలచబడే మందు అవసరమో కాదో డాక్టరే నిర్ణయించాలి.

దడతోపాటు స్పృహ తప్పినా, తప్పబోయినట్టు కళ్లు చీకట్లు కమ్మినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఊపిరాడకపోయినా, ముందే గుండెజబ్బు ఉన్నా, కూర్చున్నా దడ ఆగకుండా సాగుతున్నా, సోడా తాగించి, వీపు నిమిరి చూద్దామనుకోకుండా 108కి ఫోన్ చేయండి. పరుగెత్తుతున్నప్పుడో బరువు పని చేస్తున్నప్పుడో దడ వచ్చి కళ్లు తిరిగినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా, ఆ రోజుకు తగ్గిపోయిందని ఊరుకోకుండా గుండె డాక్టరుకు చూపించాలి. మెడ దగ్గర నరం నొక్కితే తగ్గుతుందని విని ఇంట్లో మాత్రం ప్రయత్నించకండి. పెద్దవాళ్లకు అది పక్షవాతం తెచ్చిపెట్టవచ్చు.

నాకు ఆ తరువాత హైదరాబాదులో అబ్లేషన్ చేశారు. గజ్జలోని నరం గుండా సన్నటి తీగలు గుండెలోకి పంపి, ఆ అదనపు దారిని వేడితో మూసేశారు. నా రకానికి నూటికి 95కు పైగా నయమవుతుందనీ, నూటికి ఒకరికంటే తక్కువమందికి పేస్‌మేకరు అవసరం పడవచ్చనీ రెండూ ముందే చెప్పి సంతకం తీసుకున్నారు. మరునాడు ఇంటికి వచ్చాను. ఆ తరువాత మళ్లీ రాలేదు.

మీరు ఇప్పుడు చేయవలసింది ఇది. అమ్మగారి చేత ఒక చిన్న పుస్తకం పెట్టించండి. దడ వచ్చిన తేదీ, సమయం, అప్పుడు చేస్తున్న పని, నిమిషానికి ఎన్ని కొట్లు, ఎలా మొదలై ఎలా ఆగింది, అన్నీ రాయించండి. థైరాయిడ్ సంగతి తెలిపే టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, గుండెకు చేసే స్కానింగ్ ఎకో చేయించండి. 24 గంటలు ఛాతీకి తగిలించి ఈసీజీ రికార్డు చేసే హోల్టర్ అనే పరికరం ఒకటి ఉంది కానీ, నెలకోసారి వచ్చే దడ సరిగ్గా ఆ రోజే రావాలని లేదు కాబట్టి, అది మామూలుగా వచ్చినా ఊరుకోకండి. ఎక్కువ రోజులు రికార్డు చేసే పరికరాల గురించి అడగండి. ఇంటికి దగ్గరలో రాత్రిపూట కూడా ఈసీజీ తీసేది ఎక్కడో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి. ఒంట్లో నిలకడగా ఉంటే, దడ మొదలైన వెంటనే ఎవరినైనా తోడు తీసుకుని అక్కడికి వెళ్లి, చీటీ కోసం వరుసలో నిలబడకుండా "ఇప్పుడు దడ ఉంది, ఆగకముందే ఈసీజీ తీయండి" అని గట్టిగా అడగండి. తీసిన కాగితాన్ని వెంటనే ఫోనులో ఫోటో తీసుకోండి. అది వేడికి అచ్చయ్యే కాగితం, కొన్నాళ్లకు గీతలు వెలిసిపోతాయి. బీరువాలో దాచుకున్న నా కాగితం మీద ఇప్పుడు లేత గళ్లు తప్ప ఏమీ మిగల్లేదు.