ఖాళీ జాగా చెప్పిన వార్త
(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

జనరల్ జియా ఉల్ హక్ కాలంలో పాకిస్థాన్ పత్రికలు సెన్సార్ అధికారి కొట్టేసిన వార్తల చోటును తెల్లగా వదిలి అచ్చు వేసేవని, కొంతకాలానికి ఆ ఖాళీలను కూడా ప్రభుత్వం నిషేధించిందని గత సంచికలో ఒక జవాబులో రెండు వాక్యాలు రాశాను. ఆ జవాబు అసలు విషయం వేరు. కానీ ఉత్తరాలన్నీ ఈ రెండు వాక్యాల మీదే వచ్చాయి కనుక ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: వార్త ఎలాగూ ఆగిపోయింది కదా, ఇక ఖాళీ జాగాతో ప్రభుత్వానికి వచ్చిన ఇబ్బంది ఏమిటి? (విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు)

జవాబు: మాష్టారూ, ఇబ్బంది అంతా ఆ ఖాళీలోనే ఉంది. 1977 జూలై 5న అధికారాన్ని చేజిక్కించుకున్న జియా, తొంభై రోజుల్లో ఎన్నికలు జరుపుతానని మాట ఇచ్చి, ఒకసారి వాయిదా వేసి, చివరికి 1979 అక్టోబరు 16న వాటిని నిరవధికంగా పక్కన పెట్టి, రాజకీయ పార్టీలను నిషేధించి, ఆ వెంటనే పత్రికల మీద ముందస్తు సెన్సార్‌ను విధించారు. అచ్చుకు వెళ్ళవలసిన ప్రతి వార్తనూ, వ్యాఖ్యనూ ముందుగా సమాచార శాఖ అధికారికి చూపించి, ఆయన ముద్ర పడ్డాకే యంత్రం ఎక్కించాలన్నది నిబంధన. అర్ధరాత్రి వేళ పేజీ సిద్ధమయ్యాక అధికారి ఒక వార్తను కొట్టేస్తే ఏం చేయాలో, పత్రిక డెస్కులో ఒక్క రాత్రి కూర్చున్న వాళ్ళకైనా తెలుస్తుంది. దాని స్థానంలో పెట్టడానికి అదే కొలతకు సరిపోయే మరో వార్త కావాలి, దాన్ని కూర్చడానికి సమయం కావాలి. ఉర్దూ పత్రికలకైతే ఈ కష్టం రెట్టింపు. ఆ రోజుల్లో కాతిబులనే లేఖకులు నస్తాలిక్ లిపిలో చేత్తో రాసిన కాగితాలను పేజీగా అతికించి అచ్చుకు పంపేవారు; కంప్యూటర్ మీద నస్తాలిక్ కూర్పు జంగ్ పత్రికతో మొదలైంది 1981లో. కాతిబు గంటసేపు కూర్చుని రాసిన దానిని పేజీ నుంచి పీకేస్తే అక్కడ మిగిలేది తెల్లకాగితమే.

అయితే ఆ తెల్లదనం కేవలం తొందరవల్ల మిగిలినది కాదు. సంపాదకులు దాన్ని తెలిసే వదిలారు, పాఠకులు దాన్ని తెలిసే చదివారు. మొదటి పేజీలో నాలుగు అంగుళాల ఖాళీ కనిపిస్తే అక్కడ ఏదో ఉండేదని, దాన్ని ఎవరో తీసేశారని, తీసేయవలసినంత ముఖ్యమైనదేదో నిన్న జరిగిందని మూడు సంగతులు ఒక్క అక్షరం కూడా లేకుండానే తెలిసిపోతాయి. ఆ చూసినవాడు పక్కవాడిని అడుగుతాడు. పక్కవాడు రాత్రి బీబీసీ ఉర్దూ ప్రసారం విన్నవాడైతే వార్త పూర్తిగా తెలిసిపోతుంది. అందుకే ఖాళీలు వదలకూడదని ఆంక్ష వచ్చింది. సెన్సార్ చేసేవాడికి రెండు పనులుంటాయి: వార్తను కొయ్యడం ఒకటి, కోత కనబడకుండా చూసుకోవడం రెండోది. ఈ రెండో పని చేతకాకపోతే మొదటిది చేసి ప్రయోజనం లేదని జియా ప్రభుత్వానికి ఆలస్యంగానైనా అర్థమైంది.

ఈ తెలివి వాళ్ళ సొంతమేమీ కాదు లెండి. మన దేశంలో ఆత్యయిక పరిస్థితి ప్రకటించిన మూడో నాడు, 1975 జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం చోటును ఖాళీగా వదిలింది. ఆ తర్వాత వచ్చిన సెన్సార్ మార్గదర్శకాలలో సంపాదకీయం చోటు ఖాళీగా వదలరాదని, మహానుభావుల సూక్తులతో నింపడం కూడా కూడదని స్పష్టంగా చేర్చారు. గాంధీ గారి వాక్యం కూడా అనుమానాస్పదమైన దేశంగా మనం పందొమ్మిది నెలలు ఉన్నామన్న మాట.

పాకిస్థాన్‌లో ముందస్తు సెన్సార్‌ను 1982 జనవరిలో ఎత్తివేశారు. సైనిక శాసనం మాత్రం 1985 డిసెంబరు ఆఖరు దాకా తలమీదే ఉంది కనుక, ఎవరి సెన్సార్ వాళ్ళే చేసుకోవలసిన పరిస్థితి కొనసాగింది.

ప్రశ్న: జర్నలిస్టులను కొరడాలతో కొట్టారని ఎక్కడో చదివాను. నిజమేనా? (పాఠకురాలు, వరంగల్)

జవాబు: నిజమేనమ్మా. 1978 మే 13న లాహోర్‌లో జరిగింది. జియా గద్దె దించిన ప్రధాని భుట్టో పార్టీ పత్రిక ముసావాత్‌ను మూసివేయడంతో మొదలైన నిరసన, 1950లో ఏర్పడిన పాకిస్థాన్ ఫెడరల్ యూనియన్ ఆఫ్ జర్నలిస్ట్స్ నాయకత్వంలో ఉద్యమంగా మారింది. మిన్హాజ్ బర్నా, నిసార్ ఉస్మానీ వంటివారు ముందుండగా, ఊరూరి నుంచి విలేఖరులు, ప్రెస్సు కార్మికులు జట్లు జట్లుగా వచ్చి నిరాహార దీక్షకు కూర్చుని అరెస్టయ్యేవారు. వారిలో నలుగురికి సైనిక న్యాయస్థానం కొరడా దెబ్బల శిక్ష వేసింది. ఖావర్ నయీమ్ హష్మీ, నాసిర్ జైదీ, ఇక్బాల్ జాఫ్రీలకు శిక్ష అమలు చేశారు. నాలుగో వ్యక్తి మసూదుల్లా ఖాన్ శారీరక వైకల్యం కారణంగా తప్పించుకున్నారు.

వాళ్ళు చేసిన నేరం ఒక పత్రికను మళ్ళీ తెరవమని అడగడం. దీని మీద నేను వ్యాఖ్యానించేది ఏమీ లేదు.

ప్రశ్న: పాకిస్థాన్‌లో ఇమ్రోజ్ అనే పత్రికను ప్రభుత్వం లాక్కుందని విన్నాను. మన షోయబుల్లాఖాన్ నడిపిన ఇమ్రోజ్ అదేనా? (పాఠకుడు, ఖమ్మం)

జవాబు: కాదు, కానీ పొరబాటు పడడం సహజమే. ఇమ్రోజ్ అంటే ఫారసీలో ‘ఈ రోజు’ అని అర్థం. దినపత్రికకు అంతకన్నా తగిన పేరు ఏముంటుంది? మీ జిల్లా బిడ్డ షోయబుల్లాఖాన్ హైదరాబాద్‌లో నడిపిన ఇమ్రోజ్ వేరు. ఆయన పనిచేసిన మందుముల నర్సింగరావు గారి రయ్యత్ పత్రికను నిజాం ప్రభుత్వం నిలిపివేశాక ఇది మొదలైంది. సంస్థానం భారతదేశంలో కలవాలని, రజాకార్ల ఆగడాలు ఆగాలని రాసినందుకు 1948 ఆగస్టులో ఒక రాత్రి కార్యాలయం నుంచి ఇంటికి వెళుతుండగా కాచిగూడ ప్రాంతంలో ఆయనను కాల్చి చంపారు. వయసు ఇరవై ఎనిమిది కూడా నిండలేదు. నెల తిరగకుండానే భారత సైన్యం హైదరాబాద్‌లోకి వచ్చింది.

లాహోర్ ఇమ్రోజ్ కూడా అదే 1948లో పుట్టింది. మియాఁ ఇఫ్తిఖారుద్దీన్ అనే వామపక్ష నాయకుడు ప్రోగ్రెసివ్ పేపర్స్ సంస్థ కింద ఇంగ్లీషులో పాకిస్థాన్ టైమ్స్, ఉర్దూలో ఇమ్రోజ్, తర్వాత లైల్-ఓ-నహార్ అనే వారపత్రిక నడిపారు. కవి ఫైజ్ అహ్మద్ ఫైజ్ వీటికి ప్రధాన సంపాదకుడుగా పనిచేశారు. 1958 అక్టోబరులో సైనిక పాలన వచ్చింది. 1959 ఏప్రిల్‌లో అయూబ్ ఖాన్ ప్రభుత్వం భద్రతా చట్టాన్ని సవరించి ఈ సంస్థ మొత్తాన్ని స్వాధీనం చేసుకుంది. పాకిస్థాన్ టైమ్స్ సంపాదకుడు మజహర్ అలీ ఖాన్ అప్పటికప్పుడే రాజీనామా చేశారు. మర్నాటి సంచికలో ‘కొత్త పుట’ అనే అర్థం వచ్చే శీర్షికతో సంపాదకీయం వచ్చింది. నిన్నటి వరకూ ఈ పత్రిక సొంత ఇంట్లోనే పరాయిదానిలా మెలిగిందన్నది దాని సారాంశం. పేరు అదే, అక్షరాల రూపం అదే, ధర కూడా అదే. చదివేవాడికి లోపల మనిషి మారాడని పేజీ చూడగానే తెలియదు. ఇందాకటి ఖాళీ జాగాతో పోల్చి చూస్తే, అయూబ్ ఖాన్ జియా కన్నా ఇరవై ఏళ్ళు ముందే ఎంత చాకచక్యంగా వ్యవహరించారో తెలుస్తుంది. 1964లో నేషనల్ ప్రెస్ ట్రస్ట్ పెట్టి ఇటువంటి పత్రికలన్నిటినీ అందులోకి చేర్చారు.

ప్రశ్న: పాకిస్థాన్ రాజ్యాంగంలో పత్రికా స్వేచ్ఛ అనేది లేదా? ఉంటే కోర్టులు ఏం చేస్తున్నాయి? (న్యాయశాస్త్ర విద్యార్థిని, విజయవాడ)

జవాబు: ఉండడమే కాదు, మనకన్నా స్పష్టంగా ఉంది. వారి 1973 రాజ్యాంగం 19వ అధికరణంలో పత్రికా స్వేచ్ఛ అనే మాట నేరుగా కనిపిస్తుంది. మన 19వ అధికరణంలో ఆ మాట లేదు. భావ ప్రకటన స్వేచ్ఛలోనే పత్రికా స్వేచ్ఛ కూడా ఇమిడి ఉందని సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. 1950లో రమేశ్ థాపర్ గారి క్రాస్ రోడ్స్ వారపత్రికను మద్రాసు రాష్ట్రంలోకి రానీయకుండా ప్రభుత్వం నిషేధించినప్పుడు వచ్చిన తీర్పు ఆ దారిలో తొలి మెట్టు. మన ఆంధ్ర జిల్లాలు అప్పటికి ఆ రాష్ట్రంలోనివే కాబట్టి ఆ నిషేధం మనకూ వర్తించింది. తీర్పు వచ్చిన మరుసటి ఏడే మొదటి సవరణతో ఆంక్షల జాబితాను పెంచారన్నది వేరే కథ.

వారి అధికరణంలో చిక్కు ఆ తర్వాతి పంక్తులలో ఉంది. ఇస్లాం ఔన్నత్యం, దేశ సమగ్రత, భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, మర్యాద, నైతికత, కోర్టు ధిక్కారం, నేరానికి ప్రేరేపణ అంటూ వరుసగా మినహాయింపులు వస్తాయి. వాటి నీడన బతికిన చట్టాలలో పేరుమోసినది 1963 నాటి ప్రెస్ అండ్ పబ్లికేషన్స్ ఆర్డినెన్స్. పత్రిక పెట్టాలంటే జిల్లా అధికారి దగ్గర డిక్లరేషన్ అనే అనుమతి పొందాలి, అడిగినప్పుడు పూచీకత్తు సొమ్ము కట్టాలి, ప్రభుత్వానికి నచ్చనిది అచ్చయితే ఆ సొమ్ము, చివరికి ప్రెస్సు కూడా పోతాయి. అయూబ్ ఖాన్ తెచ్చిన ఈ చట్టాన్ని ఎన్నికైన భుట్టో కూడా చేతిలోంచి వదల్లేదు. ఆయన వచ్చిన కొద్ది వారాలకే, 1972 ఫిబ్రవరిలో డాన్ అనే ఇంగ్లీషు దినపత్రిక సంపాదకుడు అల్తాఫ్ గౌహర్ అరెస్టయ్యారు. వింతేమిటంటే ఈ గౌహర్ గారే అయూబ్ ఖాన్ కాలంలో సమాచార శాఖ కార్యదర్శిగా ఉన్నవారు. ఆ చట్టం జియా మరణించాక, 1988లో గానీ పోలేదు.

అయినా, ఇది చదివి మనం మీసం మెలివేయవలసిన పని లేదు. 2025లో రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ ప్రకటించిన 180 దేశాల పత్రికా స్వేచ్ఛ పట్టికలో పాకిస్థాన్ 158వ స్థానంలో ఉంటే, భారతదేశం 151వ స్థానంలో ఉంది.

ప్రశ్న: ఇప్పుడు టీవీలు, ఫోన్లు వచ్చాక సెన్సార్ సాధ్యమయ్యే పనేనా? (పాఠకుడు, దుబాయ్)

జవాబు: మీరు దుబాయ్ నుంచి అడుగుతున్నారు కనుక అక్కడి నుంచే మొదలు పెడతాను. 2007 నవంబరు 3న జనరల్ ముషారఫ్ ఆత్యయిక స్థితి ప్రకటించి ప్రైవేటు వార్తా చానళ్ళను కేబుల్ నుంచి తొలగించినప్పుడు, జియో, ఏఆర్‌వై చానళ్ళు దుబాయ్ నుంచి ఉపగ్రహం ద్వారా ప్రసారాలు సాగించాయి. రెండు వారాలకే అక్కడి అధికారులు కూడా వాటిని ఆపించారు. పరాయి గడ్డ మీద ఉంటే చాలదని చానళ్ళ యజమానులకు ఆ రోజు తెలిసింది.

ఆ ప్రకటన అందరికీ కనిపించేలా జరిగింది. తర్వాతి పద్ధతులు అలా లేవు. 2018 వసంతంలో జియో దేశంలో చాలా చోట్ల కేబుల్‌లో కనిపించకుండా పోయింది. ఆపమన్నది తామేనని ఒప్పుకున్నవారు ఎవరూ లేరు. అదే ఏడు మే నెలలో మాజీ ప్రధాని నవాజ్ షరీఫ్ ఇంటర్వ్యూ వేసిన తర్వాత డాన్ పత్రిక అనేక ప్రాంతాలలో పాఠకుల ఇళ్ళకు చేరలేదు. చానల్ నంబరు మార్చేయడం, ప్రభుత్వ ప్రకటనలు నిలిపివేయడం కూడా ఈ కోవలోవే. చానల్ రాకపోతే ఇంట్లో కూర్చున్నవాడు ముందు కేబుల్ కుర్రాడిని తిడతాడు. పేపర్ రాకపోతే పేపర్ వేసే అబ్బాయిని తిడతాడు. ఖాళీ జాగా ఉందిగానీ, అది ఖాళీలా కనిపించదు. జియా అధికారులు ఆంక్షలు పెట్టి సాధించాలనుకున్నది ఇదే.

కాగితం కూడా ఇందుకు పనికివస్తుంది. 1998–99లో ఇదే నవాజ్ షరీఫ్ ప్రభుత్వం జంగ్ సంస్థ బ్యాంకు ఖాతాలను స్తంభింపజేసి న్యూస్‌ప్రింట్ అందకుండా చేస్తే, ఆ పత్రిక కొన్నాళ్ళు తక్కువ పేజీలతో వచ్చింది. పత్రికల గొంతు పట్టుకున్న మనిషే ఇరవై ఏళ్ళకు తన మాట జనానికి చేరడం లేదని వాపోవడం పాకిస్థాన్ రాజకీయాలలో కొత్త కాదు.

ఇక ఫోన్ల సంగతి. ఎక్స్ (పాత ట్విటర్) వేదికను 2024 ఫిబ్రవరి ఎన్నికల తర్వాత ఏడాదికి పైగా అక్కడ అందకుండా చేశారు. 2016 నాటి ఎలక్ట్రానిక్ నేరాల చట్టాన్ని 2025 జనవరిలో సవరించి, తప్పుడు సమాచారం వ్యాప్తి చేసినవారికి మూడేళ్ళ వరకు జైలు, ఇరవై లక్షల రూపాయల వరకు జరిమానా పెట్టారు. ఏది తప్పుడు సమాచారమో తేల్చవలసిన వ్యవస్థ ప్రభుత్వం చేతిలోదే కావడం జర్నలిస్టు సంఘాల ప్రధాన అభ్యంతరం. వీటన్నిటి వెనుక అసలు భయం వేరే ఉంది. విలేఖరి సలీం షహజాద్ 2011లో హత్యకు గురయ్యారు. టీవీ జర్నలిస్టు హమీద్ మీర్ మీద 2014లో కరాచీలో తూటాలు పేలాయి, ఆయన బతికి బయటపడ్డారు. ఈ రెండు సంఘటనలు తెలిసిన సంపాదకుడికి రాత్రి పూట ఒక మర్యాదైన ఫోన్ వస్తే చాలు. ఈ ఫోన్ సలహాలకు అక్కడ ‘ప్రెస్ అడ్వైస్’ అని ఎప్పటినుంచో పేరు.

ప్రశ్న: ఆ దేశంలో మొదటి ‘ప్రెస్ అడ్వైస్’ ఎప్పుడు వచ్చింది? (పాఠకుడు, శ్రీకాకుళం)

జవాబు: దేశం పుట్టడానికి మూడు రోజుల ముందే. 1947 ఆగస్టు 11న కరాచీలో రాజ్యాంగ సభను ఉద్దేశించి ప్రసంగిస్తూ జిన్నా, ఈ దేశంలో మీరు మీ గుడులకు వెళ్ళవచ్చు, మసీదులకు వెళ్ళవచ్చు, మీ మతంతో రాజ్యానికి నిమిత్తం లేదని చెప్పారు. ఆ భాగాలను పత్రికలలో రానీయకూడదని తెరవెనుక అధికారులు కొందరు సలహా పంపారని పాకిస్థాన్ పత్రికా చరిత్రను గ్రంథస్థం చేసిన జమీర్ నియాజీ రాశారు. డాన్ సంపాదకుడు అల్తాఫ్ హుస్సేన్‌కు ఈ సంగతి తెలిసింది. సలహాను వెనక్కి తీసుకోకపోతే తాను నేరుగా జిన్నా దగ్గరికే వెళతానని ఆయన బెదిరించారు. సలహా వెనక్కి పోయింది, ప్రసంగం అచ్చయింది.