గైడ్ హెచ్-ఇండెక్స్ 9 అయితే సీటు వదులుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంఏ చరిత్ర పూర్తి చేసింది. గ్రామదేవతల జాతరలపై పరిశోధన చేయాలని ఆమె కోరిక. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలోని మత అధ్యయన విభాగంలో ఆర్థిక సహాయంతో పీహెచ్‌డీ సీటు వచ్చింది. గైడ్‌గా ఉండబోయే ప్రొఫెసర్‌కు గూగుల్ స్కాలర్‌లో హెచ్-ఇండెక్స్ 9 మాత్రమే ఉంది. ఇంజనీరింగ్‌లో పరిశోధన చేస్తున్న మా అబ్బాయి, తన గైడ్‌కు 50 దాటిందనీ, ఇక్కడ చేరడం దండగనీ అంటున్నాడు. మీ సలహా ఏమిటి?
– ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: ఆ ఒక్క అంకె చూసి సీటు వదులుకోవద్దండీ. హెచ్-ఇండెక్స్ 9 అంటే, ఇతరులు తమ రచనల్లో కనీసం తొమ్మిదేసిసార్లు ఉదహరించిన (అంటే తొమ్మిదేసి సైటేషన్లు పొందిన) రచనలు ఆ పండితుడికి తొమ్మిది ఉన్నాయని అర్థం. మీ అబ్బాయి చెప్పిన కొలత అతని రంగంలో కొంతవరకు పనికొస్తుంది. 2005లో దాన్ని ప్రతిపాదించిన హోర్హే హిర్ష్ భౌతిక శాస్త్రవేత్త. ఏటా పలు పత్రాలు వెలువడే రంగం ఆయనది. ఒక పండితుడు పాతికేళ్లలో మూడే పుస్తకాలు రాసి, ఒక్కొక్కదాన్ని 400 మంది తమ రచనల్లో ఉదహరించారనుకోండి. మొత్తం సైటేషన్లు 1,200 అయినా ఆయన హెచ్-ఇండెక్స్ 3 దాటదు. 20 పత్రాలు రాసి ఒక్కొక్కదానికి 20 సైటేషన్ల చొప్పున 400 మాత్రమే పొందినవారికి అదే ఇండెక్స్ 20 అవుతుంది.

మత అధ్యయనంలో పండితుల స్థాయిని ప్రధానంగా నిలబెట్టేది పుస్తకం. మీ అమ్మాయి అంశానికే దగ్గరైన ఉదాహరణ ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాయిస్ ఫ్లూకిగర్. మధ్య భారత జానపదంపై ఆమె పుస్తకం 1996లోనూ, హైదరాబాద్‌లో వైద్యం చేసే ఒక ముస్లిం మహిళపై రాసినది 2006లోనూ, తిరుపతి గంగమ్మ జాతరపై రాసినది 2013లోనూ వచ్చాయి. నడుమ ఉన్న ఏళ్లలో వ్యాసాలు రాకపోలేదు. కానీ జాతరలో వేషం కట్టేవారితో, అమ్మవారికి మొక్కుకునే ఇళ్లవారితో మాట్లాడి, విన్నదాన్ని అర్థం చేసుకుని రాయడానికి ఆ వ్యవధి కావాలి. అనంతపురం ప్రాంతంలోని గూగూడు పీర్ల పండుగపై అఫ్సర్ మహమ్మద్ ఇంగ్లిష్‌లో రాసిన పుస్తకం కూడా 2013లోనే ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా వచ్చింది. ఇటువంటి కృషిని ఇంజనీరింగ్ తూకపురాళ్లతో తూచడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

అలాగని గైడ్ ప్రచురణలను పరిశీలించకుండా చేరమని కూడా చెప్పను. గూగుల్ స్కాలర్‌లో ఆయన పుస్తకం కింద కనిపించే సైటేషన్ల అంకెను నొక్కితే, ఎవరెవరు ఉదహరించారో జాబితా వస్తుంది. అందులో పదింటిని తెరిచి చూడమనండి. పాదసూచికలో పేరు మాత్రం ప్రస్తావించి వదిలేశారా, లేక ఆయన వాదాన్ని తీసుకుని నాలుగు పేరాలు చర్చించారా? చరిత్రకారులు, మానవశాస్త్రజ్ఞులు కూడా చర్చిస్తుంటే అది బలమైన సూచన. ఆ పుస్తకంపై ప్రామాణిక పత్రికల్లో వచ్చిన సమీక్షలు తప్పక చదవాలి. గత పదేళ్లలో పుస్తకం గానీ చెప్పుకోదగిన వ్యాసం గానీ లేకపోతే మాత్రం ఆలోచించవలసిందే.

ఇక అమ్మాయి సొంత ప్రచురణల సంగతి. తిరిగి వచ్చి ఇక్కడ అధ్యాపకురాలు కావాలనుకుంటే, యూజీసీ 2018 నియమావళిలోని పరిశోధన స్కోరు పట్టిక ప్రకారం మానవీయ శాస్త్రాల్లో పత్రానికి 10, అంతర్జాతీయ ప్రచురణకర్త వేసిన పుస్తకానికి 12, అనువాద పుస్తకానికి 8 పాయింట్లు ఉన్నాయి. నాణ్యమైన పరిశోధన పత్రికలంటూ తాను గుర్తించిన ‘కేర్’ జాబితాను యూజీసీ 2025లో నిలిపివేసింది కాబట్టి, పత్రిక మంచిచెడ్డలు తేల్చుకునే బాధ్యత ఇప్పుడు మరింతగా పరిశోధకులదీ, సంస్థలదీ. డబ్బు కడితే వారంలో అచ్చువేస్తామనే పత్రికల జోలికి పోవద్దు. తొలి వ్యాసం నుంచే ఇంటిపేరు, పేరు ఒకే స్పెల్లింగ్‌తో రాసి, పరిశోధకులకు విడివిడిగా ఇచ్చే ఆర్కిడ్ (ORCID) గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. ఒకచోట పొడి అక్షరాలు, మరోచోట పూర్తిపేరు ఉంటే సైటేషన్లు ఇద్దరి ఖాతాల్లో చీలిపోతాయి.

నా దృష్టిలో ఇండెక్స్ కన్నా ముఖ్యమైన ప్రశ్నలు ఇవి: ఆ ప్రొఫెసర్ దగ్గర ఇటీవల ఎందరు పీహెచ్‌డీ పూర్తి చేశారు, ఎన్నేళ్లు పట్టింది, ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు, జాతరల కాలంలో క్షేత్రపరిశోధనకు రావడానికి నిధులు ఉంటాయా? మర్యాదగా మెయిల్ రాసి ఆయననే అడగవచ్చు. ఇద్దరు పూర్వ విద్యార్థులతోనూ మాట్లాడాలి. ఆర్థిక సహాయంతో కూడిన సీటుకు అమెరికాలోని చాలా విశ్వవిద్యాలయాలు ఏప్రిల్ 15 వరకు గడువు ఇస్తాయి కనుక, ఈ పని ఈ వారంలోనే మొదలుపెట్టమనండి.