పండుగప్ప సైజుల్లో తేడాకు ఆడ, మగ కారణం కాదు

అన్నా, ఏడు నెలల పండుగప్పలో కొన్ని 900 గ్రాములు దాటాయి, కొన్ని 300 దగ్గరే ఆగిపోయాయి, ఆ చిన్నవన్నీ మగవేనా అని అడిగారు. ఆ టెన్షన్ వదిలేయండి. పండుగప్ప ముందు మగచేపగా ఎదుగుతుంది. మూడు నాలుగేళ్లకు పక్వానికి వచ్చి, ఇంకా పెరిగాక ఆడదిగా మారుతుంది. హేచరీలు తల్లి చేపలను ఏళ్ల తరబడి సాకేది అందుకే. మీ చెరువులో పెద్దవీ చిన్నవీ దాదాపు అన్నీ ఇంకా మగ దశలోనే ఉంటాయి. మగవి త్వరగా పెరుగుతాయన్న లెక్క తిలాపియాది, దాన్ని ఇక్కడికి తేకండి.

అసలు సమస్య గ్రేడింగ్, అంటే సైజులవారీగా వేరు చేయడం, సరిగా జరగకపోవడం. ఈ చేప తన పొడవులో సగం ఉన్న తోటి చేపను కూడా మింగేస్తుంది. నర్సరీలో, అంటే పిల్లలను పెంచే దశలో, వారానికి ఒకసారైనా ఇలా వేరు చేయకపోతే పెద్దవి మేతంతా లాగేస్తాయి, చిన్నవి బెదిరి దగ్గరికే రావు. పైగా పెద్దవాటికి సరిపోయే పెల్లెట్ (మేత గుళిక) చిన్నవాటి నోట పట్టదు. ఎన్ని బస్తాలు పోసినా అవి ఆకలితోనే ఉంటాయి, చూస్తే జాలేస్తుంది.

ఈ వారమే వల లాగి చిన్నవాటిని వేరే చెరువులోకో హాపాలోకో (నీటిలో కట్టే వల తొట్టి) మార్చండి. చిన్న సైజు మేత రోజూ కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు వేయండి. వలకు ముందు రోజు మేత ఆపండి, ఎండ ముదరకముందే పని ముగించండి. నీటి వేడి 26 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంటే బాగా తింటాయి, చలికాలంలో ఎదుగుదల మందగిస్తుంది.

తెల్లవారుజామున ఆక్సిజన్ ఎంత ఉందో, ఏ సైజు పెల్లెట్ వాడుతున్నారో చెప్పండి, మిగతాది చూద్దాం.