మంద్రం పెంచమంటే ఏది పెంచాలి?

సందేహం: బుక్‌షెల్ఫ్ స్పీకర్లున్న (బల్లమీద పట్టే చిన్నవి) స్టీరియోకి సబ్‌వూఫర్ (లోతైన నాదాలను పలికించే పెట్టె) తగిలించుకునేవారికి ఇవ్వడానికి మా దుకాణంలో ఒక కాగితం రాసిపెట్టాను. "మంద్రం చాలకపోతే పెంచండి. క్రాసోవర్‌ను 80 దగ్గర కత్తిరించండి. అప్పటికీ కుదరకపోతే ఫేజు మార్చండి" అని అందులో ఉంది. మంద్రమంటేనే మెల్లని ధ్వని, దాన్ని పెంచడమేమిటని ఒక మాస్టారు అడిగారు. ఎవరిది సరి?
– ఒక పాఠకుడు, విజయనగరం

సమాధానం: ఇద్దరిదీ సరే. మంద్రమంటే లోతైన, గంభీరమైన నాదం. అది స్థాయిని చెప్పే మాట, జోరును చెప్పేది కాదు. గొంతు దించి మాట్లాడేటప్పుడు మెల్లగానూ మాట్లాడతాం కాబట్టి కథల్లో "మంద్రస్వరం" మెల్లని గొంతు అయి కూర్చుంది. ఆ వాడుకా తప్పు కాదు.

అయినా మీ కాగితంలో ఆ మాట వద్దంటాను. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు మీది. సంగీతంలో మంద్రమంటే కింది స్థాయి, అది పాడేవారి శ్రుతిని బట్టి మారుతుంది. ఐదు శ్రుతిలో పాడే ఆమె ఆధార షడ్జం సుమారు 196 హెర్ట్‌జ్, మంద్ర షడ్జం 98. మీ కాగితం ప్రకారం సబ్‌వూఫర్ పని ముఖ్యంగా 80 హెర్ట్‌జ్‌కి దిగువన. అంటే ఆమె మంద్ర షడ్జాన్ని పలికించేవి చాలావరకు మీ చిన్న స్పీకర్లే! "బేస్" అనండి, అందరికీ తెలుస్తుంది. "బాస్" అని మాత్రం రాయకండి, ఆ ఉచ్చారణ వేరే మాటది.

అసలు చిక్కు "పెంచండి"తో. సబ్ వెనక తిప్పే నాబులు రెండుంటాయి. గెయిన్ తిప్పితే జోరు పెరుగుతుంది. క్రాసోవర్ తిప్పితే సబ్ ఎంత పైస్థాయి దాకా పలకాలో మారుతుంది. బేస్ చాలలేదని రెండోదాన్ని 150కి తిప్పితే మగగొంతులు కూడా మూలనున్న పెట్టెలోంచి వస్తున్నట్టుంటాయి, గది హోరెత్తిపోతుంది. అందుకని గెయిన్‌కి "పెంచండి, తగ్గించండి" అనీ, క్రాసోవర్‌కి "పైకి జరపండి, కిందికి దించండి" అనీ విడివిడిగా వాడండి. "కత్తిరించండి" కూడా పొసగదు. 80 దగ్గర ధ్వని తెగిపోదు, అక్కడి నుంచి పైకి పోయేకొద్దీ సన్నగిల్లుతుంది.

"ఫేజు మార్చండి" అన్న వాక్యాన్ని ఈరోజే కొట్టేయండి. మన ఇళ్లలో ఫేజంటే కరెంటు తీగ. "ఫేజు పోయింది" అనే మాట వినని ఇల్లుండదు. మీ కాగితం చదివి ఎవరైనా ప్లగ్గు విప్పి తీగలు మార్చబోతే ప్రాణాలమీదికొస్తుంది. మీరు చెప్పదలచింది సబ్ వెనకున్న 0–180 స్విచ్ సంగతి. సబ్ కోను (ధ్వని పుట్టించే ఊగే పొర) ముందుకొచ్చేటప్పుడు స్పీకర్ల కోన్లు వెనక్కి పోతుంటే, రెండూ కలిసి పలికేచోట ఒకదాన్నొకటి చంపుకుని బేస్ పలచబడుతుంది. ఆ స్విచ్ మారిస్తే సబ్ కదలిక తిరగబడుతుంది, అంతే.

బుక్‌షెల్ఫ్‌ను అనువదించకపోవడం మంచిదైంది. "అలమర స్పీకర్లు" అంటే నిజంగానే గూట్లోకి తోసేస్తారు. వెనక రంధ్రమున్న స్పీకర్లను గోడకి ఆనిస్తే బేస్ ముద్దకడుతుంది.

ఇలా రాసి చూడండి:

"ముందు అన్నిటి కరెంటూ ఆపండి. ఆంప్లిఫయర్‌కి "సబ్ అవుట్" అని రాసిన రంధ్రం ఉంటే ఆర్‌సీఏ తీగతో కలపండి. లేకపోతే ఆంప్లిఫయర్‌లో స్పీకర్లు కలిపేచోటి నుంచే స్పీకర్ తీగల జోడీ ఇంకొకటి లాగి సబ్ హైలెవెల్ ఇన్‌పుట్‌లకి ఇవ్వండి, ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే. క్రాసోవర్ 80 దగ్గర పెట్టండి. స్పీకర్లు ఇంకా లోతుకి దిగేవైతే 60కి దించండి. గెయిన్ పూర్తిగా తగ్గించి, మృదంగమో బేస్ గిటారో ఉన్న పాట పెట్టి, కొద్దికొద్దిగా పెంచండి. సబ్ విడిగా వినిపించగానే కాస్త వెనక్కి తిప్పండి. మీరు కూర్చునేచోటే కూర్చుని, ఇంకొకరిచేత 0–180 స్విచ్ మార్పించండి. బేస్ ఎటు నిండుగా ఉంటే అటే ఉంచండి."