మూడో పేజీ గురించి

చిరంజీవికి,

నీ వ్యాసం రాత్రి రెండుసార్లు చదివాను. వాక్యం మీద నీకు పట్టుంది. కానీ మూడో పేజీలో, అమెరికా టీవీలో వచ్చిన కౌబాయ్ సీరియల్ ‘గన్‌స్మోక్’ నాయకుణ్ణి, ఊరి శాంతిభద్రతలు చూసే మార్షల్ మ్యాట్ డిలన్‌ను ‘ఓటమి ఎరుగని వీరుడు’ అని రాశావు చూడు, అక్కడ ఒళ్లు మండింది.

టైటిల్స్‌లో వచ్చే వీధి పోరు చూసి రాసినట్టున్నావు. 1955 సెప్టెంబరులో వచ్చిన తొలి ఎపిసోడ్ చూశావా? సాక్షాత్తూ కౌబాయ్ సినిమాల హీరో జాన్ వేన్ వచ్చి పరిచయం చేసి వెళ్లిన కథ అది. డాన్ గ్రాట్ అనే తుపాకీ వీరుడు మ్యాట్ ఉండే డాడ్జ్ సిటీకి వస్తాడు. మ్యాట్ ఎదురు నిలుస్తాడు. గ్రాట్ తుపాకీ ముందు పేలుతుంది, మ్యాట్ కూలిపోతాడు. కథానాయకుణ్ణి మనం చూసిన మొదటి రోజే! కోలుకుంటూ ఆలోచిస్తే అతనికి తడుతుంది: గ్రాట్ ఎప్పుడూ బాగా దగ్గరికి వచ్చాకే కాలుస్తాడు. చేతికి వేగముంది గానీ దూరానికి గురి లేదు. రెండోసారి మ్యాట్ అతన్ని దగ్గరికి రానివ్వడు. ఆ తూటా తగలకపోతే ఈ సంగతి అతనికి తెలిసేదా?

1975 దాకా, 635 ఎపిసోడ్లు నడిచిన సీరియల్ అది. ఆ ఊరి వైద్యుడు డాక్టర్ ఆడమ్స్ ఇరవై సీజన్లూ ఎందుకున్నాడనుకున్నావు? అక్కడ మనుషులకు గాయాలవుతాయి కనుక. మ్యాట్ సహాయకుడు, కాలు వంగని చెస్టర్‌ను నువ్వు ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆ వేషం వేసిన డెన్నిస్ వీవర్ ఆ కాలు ఈడ్చుకుంటూ నడిచే తీరు చూస్తే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

నా మొదటి సీరియల్‌లో నాయకుడు పొలం దావా ఓడిపోయే అధ్యాయం ఒకటుండేది. పత్రిక సంపాదకుడు దాన్ని పూర్తిగా తీసేశాడు. నాయకుడు ఓడితే పాఠకులు పత్రిక మానేస్తారన్నాడు. ఇంటి అద్దె మూడు నెలలు బాకీ ఉన్నాను, తల ఊపాను. అచ్చయ్యాక మా నాన్న మొత్తం చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, “కోర్టు నుంచి నేను ఇంటికొచ్చిన రోజు నువ్వు గుమ్మంలోనే ఉన్నావు కదరా, అది రాయలేదేం?” అన్నారు. ఆ సంపాదకుణ్ణి నేను ఇవాళ్టికీ క్షమించలేదు. ఇప్పుడు వెబ్ సిరీస్‌ల వాళ్లూ అదే పాట పాడుతున్నారు.

పారితోషికం సంగతి మరోసారి రాస్తాను. ముందు ఆ తొలి ఎపిసోడ్ చూడు. గ్రాట్ ఎంత దగ్గరగా నిలబడ్డాడో అడుగుల్లో లెక్కపెట్టుకో. మూడో పేజీ చింపేసి, మ్యాట్ కింద పడిన చోటు నుంచి మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు