వ్యవసాయ యాప్ తయారీలో మహిళా రైతులను ఏ దశలో కలుపుకోవాలి?

స్క్రీన్లు గీయకముందే, అసలు ఏ పనికి యాప్ కావాలో తేల్చే దశలోనే కలుపుకోవాలి. అంతా అయ్యాక చూపించి అభిప్రాయం అడిగితే రంగులు, అక్షరాల సైజు మారతాయి, అంతే. విత్తనాలు దాచడం, కలుపు తీయడం లాంటి పనులు చేసేవాళ్లను ముందే అడక్కపోతే యాప్‌లో వాటికి చోటే ఉండదు.

రిజిస్ట్రేషనే చూడండి. నంబరుకు ఒకే ఖాతా, భూమి పత్రం తప్పనిసరి అని పెడితే, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ పొలమూ భర్త పేరిట ఉన్న మహిళ మొదటి స్క్రీన్‌లోనే ఆగిపోతుంది. ఓటీపీ భర్తతో పొలానికెళ్లిన ఫోనుకు పోతుంది. ఒకే నంబరుపై వేర్వేరు పిన్‌లతో రెండు మూడు ప్రొఫైళ్లు ఇచ్చి, పత్రానికి బదులు సాగుచేస్తున్న పంట అడిగితే ఈ చిక్కు తీరుతుంది.

చదవలేనివాళ్లకు వాయిస్ పెడితే చాలన్నది అపోహ. వాయిస్ మంచిదే. కానీ ఫోను రాత్రికిగాని మహిళ చేతికి రాకపోతే, పొద్దున పంపిన మందు సలహా ఆమెకు అందేసరికి పిచికారీ అయిపోయి ఉంటుంది.