బాలింతకు నీళ్ళు తగ్గించాలా? ముందు మీ అమ్మగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి

రాయగడ నుంచి ఒకాయన అడిగారు: "మా చెల్లి పురిటికి వచ్చింది. పచ్చి బాలింత నీళ్ళు తాగితే పొట్ట దిగదని మా అమ్మ గొంతు తడుపుకునేంత కూడా ఇవ్వడం లేదు. ఇందులో నిజమెంత? అమ్మకి ఎలా చెప్పాలి?"

నిజం ఏమీ లేదండీ. తల్లిపాలలో నూటికి సుమారు 87 వంతులు నీరే. అదంతా మీ చెల్లి ఒంట్లోంచే రావాలి. దాహమేసినప్పుడల్లా తాగనివ్వాలి, అంతే. మీ రెండో ప్రశ్నే అసలు ప్రశ్న. దానికి నా జవాబు: మీరు చెప్పకండి. మీరు చెబితే వినరు.

మాది పర్లాకిమిడి. పక్కనున్న పాతపట్నం ఆంధ్రా, మేము ఒడిశా. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా. మా తోడికోడలిది టెక్కలి వైపు. తొలి కాన్పు పుట్టింట్లో అయింది, రెండోది మా ఇంట్లో. మా అత్తగారి పథ్యం అంటే పథ్యమే. చెవుల్లో దూది, తలకి గుడ్డ, పొద్దున్నే కాయం (బాలింతకి పెట్టే మందు) ఉండ, మధ్యాహ్నం వెల్లుల్లి కారం అన్నం. వీటితో నాకు పేచీ లేదు. కాయం తిని చెడిపోయిన వాళ్ళని నేను చూడలేదు. నీళ్ళ దగ్గరే వచ్చింది గొడవ. కాఫీ గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళు పోసి, "ఒక్కో గుక్కా తాగు తల్లీ, ఒకేసారి గడగడా తాగీకు" అని పక్కన నిలబడేవారు. పాపం ఆ పిల్ల మొహం కడుక్కునే వంకతో దొడ్లోకి వెళ్ళి కుళాయి నీళ్ళు దోసిలితో తాగేది. మరిగించిన నీళ్ళు వద్దని పచ్చి నీళ్ళు తాగించినట్టయింది చివరికి!

ఆశా దీదీ, అంటే ఆశా కార్యకర్త, రాకపోలేదు. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వాళ్ళు ఇంటికొచ్చి తల్లినీ బిడ్డనీ చూడాలి. మా దీదీ వచ్చింది, మంచం పక్కన కూర్చుని నీళ్ళు తాగమనీ, ఆకుకూర తినమనీ, ఐరన్ మాత్ర మానొద్దనీ వివరంగా చెప్పింది. అంతా ఒడియాలో. మా పిల్లకి వచ్చిన ఒడియా "హఁ దీదీ" ఒక్కటే. బుర్ర ఊపింది, దీదీ కార్డులో రాసుకుని వెళ్ళిపోయింది. ఆ కార్డూ ఒడియాలోనే. ఒడియా గలగలా మాట్లాడే మా అత్తగారేమో అప్పుడు వంటింట్లో వెల్లుల్లి ఒలుస్తున్నారు. ఆవిడని ఎవరూ పిలవలేదు.

ఇంతలో మలబద్ధకం మొదలైంది. కుట్ల దగ్గర ప్రాణం పోయినంత నొప్పి, ఒంటేలుకి వెళితే మంట, ఆపైన జ్వరం. ఆటోలో ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ పరీక్షంతా చేసి, పిల్లతో మాట్లాడకుండా మా వైపు తిరిగి, "ఇంట్లో వంట ఎవరిది?" అనడిగింది. అత్తగారు ముందుకొచ్చారు. కుర్చీ వేయించి కూర్చోబెట్టింది. "మామ్మగారూ, మీ ఇంట్లో ఆవు ఈనితే కుడితి పెంచుతారా, తగ్గిస్తారా?" అంది. అత్తగారు మాట్లాడలేదు. "మందులు నేనిస్తాను. నీళ్ళు, పప్పు, గుడ్డు మాత్రం మీ చేతిలో పని" అని ఐరన్ మాత్రలు కూడా ఆవిడ చేతికే ఇచ్చింది.

ఆ సాయంత్రానికే మంచం పక్కకి మరచెంబు వచ్చింది, మూతతో సహా. నెల తిరిగేసరికి పక్కింటి బాలింతని చూడ్డానికి వెళ్ళి, "నీళ్ళు తగ్గించకూడదమ్మా, మా ఇంట్లో ఎప్పుడూ ఇంతే" అని చెప్పి వచ్చారు! నేను నోరు మెదపలేదు.

డాక్టర్లూ నర్సులూ ఎవరైనా ఇది చదువుతుంటే నా మనవి ఒకటే. గరిటె ఎవరి చేతిలో ఉందో వాళ్ళతో మాట్లాడండి. ఇరవై రెండేళ్ళ కోడలికి ఎంత చెప్పినా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి సొంతంగా గుడ్డు ఉడకబెట్టుకోలేదు. మగవాళ్ళకి చెప్పడం మరీ దండగ, వాళ్ళు మందుల షాపు దాకా వస్తారు, అక్కడ హార్లిక్సు కొని బాధ్యత తీరిందనుకుంటారు.

ఐరన్ మాత్రల సంగతీ చెప్పాలి. కాన్పు తర్వాత కూడా 180 రోజులు రోజుకొకటి వేసుకోమని ఉచితంగా ఇస్తారు. మా వీధిలో సగం ఇళ్ళలో అవి అలమరలోనే ఉంటాయి. విరేచనం నల్లగా వస్తుందని భయం. అది మాత్రలోని ఐరన్ వల్లే, భయపడక్కర్లేదు. టీతో మాత్రం మింగకండి, కాల్షియం మాత్రతో కలిపి కూడా వద్దు. ఒంటికి పట్టదు. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే మేలు.

పథ్యంలో మీ అమ్మగారి మాట ఎంతైనా వినండి కానీ కొన్నిటికి ఎవరి మాటా వినక్కర్లేదు. గంటకో ప్యాడ్ తడిసేంత రక్తం పోయినా, 100.4 దాటి జ్వరం వచ్చినా, తల పగిలేంత నొప్పితో చూపు మసకబారినా, ఒక కాలి పిక్క వాచి నొప్పెట్టినా వెంటనే 102కో 108కో ఫోన్ చేయండి. కాన్పయిపోయింది కదా, ఇంక బీపీ ఏమిటి అనుకుంటారు. కాన్పు తర్వాత కూడా బీపీ పెరిగి ఫిట్స్ రావచ్చు.

మీ చెల్లిని ఈసారి చూపించడానికి తీసుకెళ్ళేటప్పుడు ఆటోలో చోటు చాలకపోతే మీరు దిగిపోండి. మీ అమ్మగారిని మాత్రం ఎక్కించండి.